తొలి జర్మన్ ఒపేరా ఏది? ‘డాఫ్నె’, ‘జేలేవిగ్’, హాంబర్గ్ రంగశాల: నిర్వచనం గురించి ఒక చర్చ

స్వరజిజ్ఞాస:
అందరికీ నమస్కారం. పాశ్చాత్య సంగీత చరిత్ర గురించి తెలుగు పాఠకుల కోసం ఒక చిన్న పుస్తకం రాస్తున్నాను. ఇటలీ అధ్యాయం సాఫీగానే సాగింది. జర్మన్ ఒపేరా అధ్యాయంలో మాత్రం మొదటి వాక్యం దగ్గరే రెండు వారాలుగా ఆగిపోయాను. “తొలి జర్మన్ ఒపేరా 1627లో హైన్‌రిష్ ష్యూట్స్ స్వరపరచిన ‘డాఫ్నె’” అని మొదట రాసుకున్నాను. పాత పుస్తకాలు చాలావరకు అలాగే చెబుతున్నాయి. అయితే ఆ సంగీతం ఒక్క పుట కూడా మిగలలేదని తెలిశాక, ఎవరూ వినని, ఎవరూ చూడని స్వరాలను ఒక సంప్రదాయానికి మూలంగా నిలబెట్టడం ఎంతవరకు న్యాయమనే సందేహం పట్టుకుంది. అసలు ‘జర్మన్’ అని దేన్నంటాం, ‘ఒపేరా’ అని దేన్నంటాం అన్నది ముందు తేల్చుకోవాలేమో. తెలిసినవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

పాతప్రతి:
స్వరజిజ్ఞాస గారూ, మీ సందేహం సరైనదే. ముందు ‘డాఫ్నె’ గురించి ఖాయంగా చెప్పగలిగినవి చెబుతాను.

సాక్సనీ రాకుమారి సోఫీ ఎలెయోనోరెకూ హెస్సె-డార్మ్‌స్టాట్ ప్రభువు రెండవ గేయోర్గ్‌కూ 1627 ఏప్రిల్‌లో టోర్గావ్ పట్టణంలోని హార్టెన్‌ఫెల్స్ కోటలో పెళ్లి జరిగింది. ఆ వేడుకల్లో భాగంగా ‘డాఫ్నె’ను ప్రదర్శించారు. రచన మార్టిన్ ఓపిట్స్‌ది, సంగీతం ద్రెస్డెన్ ఆస్థాన సంగీతాధిపతి ష్యూట్స్‌ది. ఓపిట్స్ కథను సొంతంగా అల్లలేదు. ఇటలీలో ఒట్టావియో రినుచ్చీని రాసిన ‘డాఫ్నె’ను జర్మన్‌లోకి తెచ్చాడు. ఆ ఇటాలియన్ ‘డాఫ్నె’ను 1598లో ఫ్లోరెన్స్‌లో యాకోపో పేరి సంగీతంతో ఆడారు. ఒపేరా అనే కళారూపానికి పుట్టుక అక్కడే అంటారు. జర్మన్ పాఠం అదే సంవత్సరం బ్రెస్లావ్‌లో అచ్చయింది కాబట్టి బతికింది. సంగీతం చేతిరాత ప్రతుల్లోనే ఉండిపోయి, పోయింది.

పదిహేడో శతాబ్దపు జర్మన్ ఒపేరాలలో చాలావాటి గతి ఇదే. పాటల పాఠాన్ని ప్రేక్షకుల కోసం అచ్చు వేసేవారు కాబట్టి గ్రంథాలయాల్లో ఏదో ఒక ప్రతి మిగులుతుంది. స్వరాలు రాసిన కాగితాలు వాయిద్యకారుల చేతుల్లో ఒకటి రెండు ప్రతులుగా మాత్రమే తిరిగేవి. అందుకే ఈ చరిత్రను రాసేటప్పుడు మన ముందు మాట ఉంటుంది, పాట ఉండదు. నిర్వచనం గురించిన తగాదాల్లో సగం ఇక్కడి నుంచే పుట్టాయి.

ఏటిగట్టు:
సంగీతం పోయినంత మాత్రాన ‘డాఫ్నె’ను పక్కన పెట్టడం నాకు సమ్మతం కాదు. పేరి ‘డాఫ్నె’లో కూడా కొన్ని ముక్కలే మిగిలాయి. పూర్తిగా దొరుకుతున్న అత్యంత పాత ఒపేరా 1600 నాటి ‘యూరిడిచె’. అయినా తొలి ఒపేరా ఏదంటే అందరూ 1598 నాటి ‘డాఫ్నె’నే చెబుతారు. ఫ్లోరెన్స్‌కు ఇచ్చిన గౌరవం టోర్గావ్‌కు ఇవ్వకూడదా?

పైగా సాక్సనీ ఆస్థాన దినచర్యలో ఆనాటి ప్రదర్శన గురించి ఒక నమోదు ఉంది. సంగీతకారులు డాఫ్నె కథను సంగీతపరంగా నటించారని దాని భావం. నటులు ఆడారనీ, మధ్యలో పాటలు వచ్చాయనీ అందులో లేదు. ఆడింది సంగీతకారులే, ఆడిన తీరు సంగీతమే. పెళ్లి చూసినవాళ్లు రాసిన మాటకంటే పెద్ద సాక్ష్యం ఏముంటుంది?

పాతప్రతి:
ఏటిగట్టు గారూ, ఆ నమోదు విలువైనదే, దాన్ని తీసిపారేయను. అయితే ఎదుటి పక్షాన మూడు సాక్ష్యాలున్నాయి. మూడూ కలిపి తూస్తే త్రాసు ఇటే మొగ్గుతుందని నా అభిప్రాయం.

మొదటిది ఛందస్సు. రినుచ్చీని పద్యంలో ఏడు అక్షరాల పాదాలూ పదకొండు అక్షరాల పాదాలూ ఒక నియమం లేకుండా కలగలిసి వస్తాయి. మాట్లాడే మనిషి ఊపిరి ఎక్కడ ఆగితే పాదం అక్కడ ఆగుతుంది. ఇటాలియన్లు కనిపెట్టిన రెసిటటీవ్ అనే పద్ధతి, అంటే మాటను మాటలాగే పలుకుతూ స్వరం మీద నడిపించే పద్ధతి, సరిగ్గా ఇలాంటి పద్యానికే పుట్టింది. ఓపిట్స్ ‘డాఫ్నె’కు మూడేళ్ల ముందే, 1624లో, జర్మన్ కవిత్వానికి నియమాలు ఏర్పరచిన లక్షణకర్త. ఊనిక పడిన అక్షరం, పడని అక్షరం క్రమం తప్పకుండా రావాలన్నది ఆయన పట్టుదల. నాటకంలో సంభాషణలు నడిచే చోట అలెగ్జాండ్రైన్ పాదాలు కనిపిస్తాయి. ఆరు అక్షరాల తరువాత విరుపు, మళ్లీ ఆరో ఏడో అక్షరాలు, మళ్లీ ప్రాస. మన పాఠకుడికి చెప్పాలంటే, యతిప్రాసలతో బిగించిన వృత్తపద్యాన్ని ఇచ్చి, దీన్ని వీధిలో మాట్లాడుకుంటున్నట్టు పాడమని అడగడం లాంటిది. అసాధ్యమని అనను. సహజంగా మాత్రం ఉండదు.

రెండవది ష్యూట్స్ ప్రయాణాల క్రమం. ఆయన మొదటిసారి 1609 నుంచి వెనిస్‌లో జొవాన్ని గాబ్రియేలి దగ్గర చదువుకున్నాడు. అప్పటికి వెనిస్ చర్చి సంగీతం వేరు, ఫ్లోరెన్స్ నాటక సంగీతం వేరు. రెండవసారి ఇటలీకి వెళ్లింది 1628లో, అంటే ‘డాఫ్నె’ అయిపోయిన తరువాత.

మూడవది, నా దృష్టిలో అన్నిటికంటే బలమైనది, ష్యూట్స్ స్వయంగా 1633లో రాసిన ఒక ఉత్తరం. డెన్మార్క్ రాకుమారుడి పెళ్లి వేడుకలకు సంగీతం ఏర్పాటు చేసే సందర్భంలో రాసినది. అనేక పాత్రలున్న నాటకాన్ని మాటల తీరులో స్వరపరచి, పాడుతూ రంగస్థలం మీద నటింపజేసే విధానాన్ని ఇటీవలి ఇటలీ ప్రయాణంలో నేర్చుకున్నాననీ, తనకు తెలిసినంతలో జర్మనీలో అది ఇంకా ఎవరికీ తెలియదనీ అందులో అంటాడు. ఆరేళ్ల ముందు తానే జర్మనీలో ఒపేరా చేసి ఉంటే ఈ మాట ఎలా రాస్తాడు?

వోల్‌ఫ్రామ్ స్టోయ్‌డె వంటి పరిశోధకులు ‘డాఫ్నె’ను, మాటలు మాటలుగానే ఉండి మధ్యమధ్య పాటలూ బృందగానాలూ వచ్చిన నాటకంగా భావించడానికి ఇలాంటి కారణాలే ఉన్నాయి. “సంగీతపరంగా నటించారు” అన్న మాట అలాంటి ప్రదర్శనకు కూడా వర్తిస్తుంది.

ఏటిగట్టు:
ఆ ఉత్తరం సంగతి నాకు తెలియదు. తెలిశాక నా వాదనలో బలం తగ్గిందని ఒప్పుకుంటున్నాను. అయితే ఇంతకాలం ఇందరు పెద్దలు దాన్నే తొలి ఒపేరా అని ఎందుకు పట్టుకున్నారన్నది ఆలోచించవలసిన విషయం.

నాకు తోచింది చెబుతాను. ఓపిట్స్‌ను జర్మన్ కవిత్వానికి పితామహుడంటారు, ష్యూట్స్‌ను జర్మన్ సంగీతానికి పితామహుడంటారు. ఇద్దరి పనీ ఒక్క కోటలో, ఒక్క వేడుకలో కలిసింది. పందొమ్మిదో శతాబ్దంలో తమ జాతికి ఒక ఘనమైన ఆరంభం కావాలని వెతుకుతున్న చరిత్రకారులకు ఇంతకంటే అందమైన దృశ్యం దొరకదు. సంగీతం పోయింది కాబట్టి ఎవరి ఊహకు తగినంత గొప్పగా వారు దాన్ని వినవచ్చు.

మంద్రం:
ఇప్పటిదాకా మిత్రులు లేనిదాని గురించి మాట్లాడారు. నేను ఉన్నదాని గురించి మాట్లాడతాను. సంగీతంతో సహా మిగిలిన అత్యంత పాత జర్మన్ ఒపేరా ‘జేలేవిగ్’. న్యూరెంబెర్గ్‌లో 1644లో వెలువడింది. రచన గేయోర్గ్ ఫిలిప్ హార్స్‌డోర్ఫర్, సంగీతం అదే నగరంలో సెయింట్ లోరెంట్స్ చర్చిలో ఆర్గన్ వాయించే సిగ్మున్ట్ టేయోఫీల్ ష్టాడెన్. ముప్పై ఏళ్ల యుద్ధం ఇంకా ముగియలేదు. 1618లో మొదలైన ఆ యుద్ధం 1648 దాకా సాగి ఊళ్లకు ఊళ్లను తుడిచిపెట్టింది. ఆస్థానాలు తమ గాయకులకు జీతాలివ్వలేని కాలంలో ఒక వ్యాపార నగరపు పెద్దమనిషీ ఒక చర్చి వాద్యకారుడూ కలిసి చేసిన పని ఇది. ఆ ఒక్క కారణానికే దానిమీద నాకు ప్రత్యేకమైన ప్రేమ.

కథ వేషం పల్లెపదానిది, లోపల ఉన్నది మతబోధ. ‘జేలే’ అంటే ఆత్మ, ‘ఏవిగ్’ అంటే శాశ్వతం. జేలేవిగ్ ఒక వనకన్య. ట్ర్యూగెవాల్ట్ అనే వనరాక్షసుడు ఆమెను వలలో వేసుకోవాలని చూస్తాడు. ఆ పేరులోనే వంచనా బలాత్కారమూ రెండూ ఉన్నాయి. ఇంద్రియసుఖానికి ప్రతీకైన సినిగుండా ఆమెను అటు లాగుతుంది. మనస్సాక్షికి ప్రతీకైన గ్విస్సుల్డా ఇటు లాగుతుంది.

వాయిద్యాల ఏర్పాటు చూస్తే ముచ్చటేస్తుంది. వనకన్యలకు వయొలిన్ జాతి తంత్రులూ పిల్లనగ్రోవులూ, గొర్రెల కాపరులకు మన సన్నాయికి దగ్గరగా ఉండే షాల్మై, రాక్షసుడికి ఒక మొరటు కొమ్ముబూర. అడుగున మొదటి నుంచి చివరి దాకా తియొర్బో అనే పొడుగు మెడ వీణ మంద్రస్థాయిలో నడుస్తుంది. ఎవరు వేదిక మీదికి వస్తున్నారో కళ్లు మూసుకున్నా చెవికి తెలిసిపోతుంది.

ఇంకొక సంగతి మన చర్చకు మరీ దగ్గరిది. ‘జేలేవిగ్’ విడి పుస్తకంగా అచ్చవలేదు. హార్స్‌డోర్ఫర్ రాసిన సంభాషణ గ్రంథంలో నాలుగవ సంపుటిలో భాగంగా వచ్చింది. ఆ గ్రంథం ఎనిమిది సంపుటాలు, ముగ్గురు స్త్రీలూ ముగ్గురు పురుషులూ కూర్చుని మాట్లాడుకుంటూ ఉంటారు. ఈ నాటకాన్ని కూడా వాళ్లే రంగం వెంట రంగం చర్చిస్తారు. అంటే దొరుకుతున్న తొలి జర్మన్ ఒపేరా పాఠకుడి చేతికి వచ్చిందే ఒక చర్చగా.

స్వరజిజ్ఞాస:
మంద్రం గారూ, ఆ చివరి విషయం చదివి చాలా సంతోషించాను. అయితే మీ మాట వినగానే ఒక ప్రశ్న. ‘జేలేవిగ్’లో చాలా భాగం ఒకే వరసలో చరణాలు చరణాలుగా సాగే పాటలేనని చదివాను. పాతప్రతి గారు చెప్పిన రెసిటటీవ్ కొలమానంతో చూస్తే ఇది కూడా ఒపేరా కాకుండా పోతుంది కదా? ‘డాఫ్నె’ను తోసిపుచ్చిన కారణంతోనే ‘జేలేవిగ్’ను కూడా తోసిపుచ్చాలి కదా?

పాతప్రతి:
మంచి ప్రశ్న. తేడా ఉంది. ‘జేలేవిగ్’లో పాత్రలు ఆద్యంతం పాడతాయి. వరస పాటదైనా మాటదైనా, కథ నడిచేది స్వరం మీదనే. ‘డాఫ్నె’ విషయంలో అనుమానమంతా కథ మాటల మీద నడిచిందన్నదే. నేను కొలమానంగా పెట్టుకున్నది రెసిటటీవ్‌ను కాదు, కథను మోసేది ఏదన్న విషయాన్ని. నా మొదటి వివరణలో ఈ రెండూ కలిసిపోయాయి, సరిదిద్దుతున్నాను.

ఇటాలియన్ పద్ధతికి దగ్గరగా ఉండి, సంగీతం కూడా మిగిలిన జర్మన్ భాషా ఒపేరా కావాలంటే ద్రెస్డెన్‌లోనే ఇంకొక ‘డాఫ్నె’ ఉంది. 1671లో బొంతెంపి, పెరాందా అనే ఇద్దరు ఇటాలియన్లు జర్మన్ పాఠానికి సంగీతం కట్టారు. ఇటాలియన్లు చేసిన జర్మన్ ఒపేరా కాబట్టి కాబోలు, దాన్ని జాతీయ ఆరంభంగా ఎవరూ ఊరేగించలేదు.

తెరవెనుక:
ఇంతసేపూ ఒక్కొక్క కృతినే పట్టుకుని తూస్తున్నారు. ఒక కృతి సంప్రదాయం కాదు. ‘జేలేవిగ్’ తరువాత న్యూరెంబెర్గ్‌లో దాన్ని చూసి ఇంకొకరు, వారిని చూసి మరొకరు రాసిన పరంపర ఏర్పడలేదు. జర్మన్ ఒపేరా ఒక వృత్తిగా, ఒక అలవాటుగా, టికెట్టు కొనుక్కుని చూసే వినోదంగా మొదలైంది హాంబర్గ్‌లో.

1678 జనవరి 2న గెన్సెమార్క్ట్, అంటే బాతుల సంత, అనే కూడలి దగ్గర రంగశాల తలుపులు తెరిచారు. వెనిస్‌లో 1637లో మొదలైన టికెట్టు ఒపేరా జర్మన్ గడ్డ మీద వేళ్లూనింది ఇక్కడే. పూనుకున్నవారిలో న్యాయశాస్త్రం చదివిన గేర్‌హార్ట్ షోట్, పేటర్ ల్యూట్కెన్స్, సెయింట్ కాథరీన్ చర్చిలో ఆర్గన్ వాయించే యోహాన్ ఆడామ్ రైన్‌కెన్ ఉన్నారు. రాజు లేని నగరం, రేవు పట్టణం. దృఢమైన కోటగోడల వల్ల ముప్పై ఏళ్ల యుద్ధం దాని జోలికి రాలేదు. చేతిలో డబ్బున్న వర్తకులూ, పలు దేశాల రాయబారులూ అక్కడ ఉన్నారు. ఒపేరా బతకడానికి ఇంతకంటే ఏం కావాలి?

మొదటి రోజు ఆడినది ఆదాము అవ్వల కథ. మనిషి సృష్టి, పతనం, ఉద్ధరణ. సంగీతం యోహాన్ టైలెది, ఆయన ష్యూట్స్ శిష్యుడు. టోర్గావ్‌కూ హాంబర్గ్‌కూ మధ్య కనిపించే సన్నని దారం ఇదొక్కటే. ఆ సంగీతం కూడా పోయింది. బైబిలు కథనే ఎంచుకున్నా మతాచార్యులు శాంతించలేదు. సెయింట్ యాకోబ్ చర్చి పాస్టరు అంటోన్ రైజర్ 1681లో నాటకాలను చీకటి పనులుగా నిందిస్తూ ఒక గ్రంథం ప్రకటించాడు. రైన్‌కెన్ వాయించే సెయింట్ కాథరీన్ చర్చిలోనే మతబోధకుడైన హైన్‌రిష్ ఎల్మెన్‌హోర్స్ట్ మాత్రం తానే ఒపేరాలకు పాఠాలు రాశాడు, 1688లో ఒపేరాను సమర్థిస్తూ పుస్తకమూ రాశాడు. ఒకే నగరంలో, ఒకే మతంలో, ఎదురెదురుగా నిలబడిన ఆ ఇద్దరు పాస్టర్ల గ్రంథాలు లేకపోతే, ఆనాటివారు ఒపేరా అంటే ఏమనుకున్నారో మనకు సగం కూడా తెలిసేది కాదు.

1738లో మూతపడేదాకా అరవై ఏళ్లు ఆ రంగశాల నడిచింది. కూసర్, కైజర్, మాట్టెసోన్, హాండెల్, టెలెమాన్ వంటి సంగీతకర్తలందరూ దాని గుమ్మం తొక్కినవారే. ఆరంభం అంటే ఇది. మిగిలినవి ముందస్తు జల్లులు.

ఏటిగట్టు:
తెరవెనుక గారూ, సంప్రదాయం హాంబర్గ్‌దేనన్న మాటతో ఏకీభవిస్తాను. అయితే అది ‘జర్మన్’ అన్నదాన్ని మీరు చాలా తేలిగ్గా తీసుకున్నారు. 1691లో కొన్రాడి అనే సంగీతకర్త చేసిన ‘అరియాడ్నె’ చివర సాగే దీర్ఘమైన పాసకాలియా, అంటే అడుగున ఒకే స్వరవరస తిరిగి తిరిగి వచ్చే సంగీతభాగం, పక్కా ఫ్రెంచి పద్ధతి. కూసర్ పారిస్‌లో అక్కడి ఆస్థాన సంగీతకర్త లుల్లీ పద్ధతి నేర్చుకుని వచ్చినవాడు. 1705 జనవరి 8న ఆడిన హాండెల్ ‘అల్మీరా’లో యాభైకి పైగా ఏరియాలు, అంటే పాత్రలు ఒంటరిగా పాడే పూర్తి పాటలు, ఉంటే వాటిలో పదిహేను ఇటాలియన్ భాషలో ఉన్నాయి. కథ జర్మన్‌లో నడుస్తుంది, కొన్ని చోట్ల పాట ఇటాలియన్‌లోకి మారుతుంది. 1707లో కైజర్ చేసిన వెనిస్ జాతర ఒపేరాలో హాంబర్గ్ వీధుల్లో మాట్లాడే ఉత్తరాది మాండలికం కూడా వినిపిస్తుంది. ఇన్ని భాషలూ ఇన్ని బాణీలూ ఉన్నదాన్ని ఏ కొలతతో జర్మన్ అంటాం?

తెరవెనుక:
ఆ కలగలుపే దాని జాతి అని నా సమాధానం. కథ ప్రేక్షకుడి సొంత భాషలో అర్థం కావాలి, అందుకే రెసిటటీవ్ జర్మన్‌లో ఉంటుంది. ఏరియా చెవికి ఇంపుగా ఉండాలి, అందుకే ఇటాలియన్‌దైనా అభ్యంతరం లేదు. నాట్యం కావాలంటే ఫ్రెంచి. దిగువ తరగతి పాత్ర నవ్వించాలంటే వీధి మాండలికం. అన్ని దేశాల సరుకూ దిగే రేవులో పుట్టిన కళ ఇంకోలా ఎందుకుంటుంది? అదే కాలంలో మ్యూనిక్, వియన్నా ఆస్థానాలు ప్రధానంగా ఇటాలియన్ ఒపేరానే పోషించాయి. సాల్జ్‌బర్గ్‌లోనైతే 1610ల నుంచే ఇటాలియన్ ఒపేరా వినిపించింది. వాటిని ‘జర్మన్ దేశాల్లో ఒపేరా’ అనవచ్చు, ‘జర్మన్ ఒపేరా’ అనలేం. భాషను పూర్తిగా వదిలేస్తే నిర్వచనం నిలవదు, భాషను మడిగట్టుకుని చూసినా నిలవదు. కథ ఏ భాషలో నడుస్తుందన్నదే నా గీటురాయి.

మంద్రం:
స్వరజిజ్ఞాస గారికి ఒక ముఖ్యమైన జాగ్రత్త చెప్పాలి. ‘జింగ్‌ష్పీల్’ అనే మాట మీ అధ్యాయంలో తప్పకుండా వస్తుంది. పదిహేడో శతాబ్దంలో దాని అర్థం ‘పాడే ఆట’ అని మాత్రమే, అంటే ఒపేరాకు జర్మన్ పేరు. హాంబర్గ్‌లో ఆదాము అవ్వల నాటకం పాఠం మీద కూడా అదే మాట అచ్చయింది. తరువాతి శతాబ్దంలో ఆ మాట అర్థం మారిపోయింది. 1760ల నుంచి లైప్‌జిగ్‌లో హిల్లర్ చేసిన సరదా నాటకాలకూ, 1782లో మోజార్ట్ వియన్నాలో చేసిన ‘అంతఃపుర అపహరణ’కూ ఈ పేరు వాడినప్పుడు, మధ్యలో మాటలు మాటలుగానే ఉండి భావం పొంగినచోట పాట వచ్చే నాటకమని అర్థం. మన పద్యనాటకంలో వచనం నడుస్తూ ఉండగా హార్మోనియం అందుకోగానే పద్యం లేచినట్టు.

ఈ రెండో అర్థాన్ని వెనక్కి తీసుకెళ్లి హాంబర్గ్ ఒపేరాలకు అంటగడితే, అవి మాటల నాటకాలన్న తప్పు భావం కలుగుతుంది. నిజానికి అవి ఆద్యంతం పాడినవి. ఒకే మాట రెండు శతాబ్దాల్లో రెండు వస్తువులకు పేరైంది. తెలుగులో మీరు ‘సంగీత నాటకం’ అనో ‘గేయనాటకం’ అనో అనువదిస్తే ఈ గందరగోళం ఇంకా పెరుగుతుంది. ఒపేరాను ఒపేరా అనే ఉంచండి, జింగ్‌ష్పీల్ వచ్చిన ప్రతిచోటా ఏ కాలపు జింగ్‌ష్పీలో చెప్పండి.

స్వరజిజ్ఞాస:
అందరికీ కృతజ్ఞతలు. మొదటి పేరా ఇలా తిరగరాశాను, చూడండి:

“జర్మన్ ఒపేరా ఏ ఒక్క రాత్రీ పుట్టలేదు. 1627లో టోర్గావ్‌లో ఆడిన ‘డాఫ్నె’కు పాఠం మాత్రమే మిగిలింది, అది ఆద్యంతం పాడినదన్న నమ్మకం సడలింది. 1644 నాటి ‘జేలేవిగ్’ సంగీతంతో సహా మనకు చేరిన మొదటి జర్మన్ ఒపేరా. 1678లో తెరిచిన హాంబర్గ్ రంగశాలతో అది అరవై ఏళ్ల సంప్రదాయమైంది, అక్కడ పూర్తి సంగీతంతో మిగిలిన తొలి ఒపేరా టైలె ‘ఆదాము అవ్వలు’.”

పాతప్రతి:
చివరి భాగం మార్చండి. టైలె సంగీతం మిగలలేదని పైన తెరవెనుక గారు చెప్పారు. హాంబర్గ్‌లో పూర్తి సంగీతంతో మిగిలిన వాటిలో తొలిది 1691 నాటి కొన్రాడి ‘అరియాడ్నె’. దాని ప్రతి అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఉందని గుర్తించింది కూడా ఇరవయ్యో శతాబ్దంలోనే. అంటే రంగశాల తెరిచాక మొదటి పదమూడేళ్ల ఒపేరాల్లో మనకు పూర్తి సంగీతంతో ఒక్కటీ దక్కలేదు. ఆ పదమూడేళ్ల ఖాళీని మీ పుస్తకంలో ఒక వాక్యంలోనైనా చెప్పండి. పాఠకుడికి ఆ లోటు తెలియాలి.

స్వరజిజ్ఞాస:
తొందరలో పొరపాటు జరిగింది, సరిదిద్దాను. ఖాళీ గురించి కూడా చేర్చాను. ఇక చివరగా ఒక్క ప్రశ్న. ఈ అధ్యాయం చదివిన తెలుగు పాఠకుడు ఒక్క హాంబర్గ్ ఒపేరా వినాలనుకుంటే దేనితో మొదలుపెట్టమంటారు?

తెరవెనుక:
కైజర్ ‘క్రీసస్’. 1711లో చేశాడు, 1730లో మళ్లీ చాలా భాగం కొత్తగా రాశాడు. ఇప్పుడు వినిపించేది ఆ రెండవ రూపమే. లిడియా రాజు క్రీసస్ తన సంపదను చూసి మురిసిపోవడం, సోలోన్ హెచ్చరించడం, సైరస్ చేతిలో ఓడి చితి మీదికి ఎక్కినప్పుడు ఆ హెచ్చరిక గుర్తుకురావడం కథ.

అందులో రాకుమారుడు అటిస్ పుట్టు మూగ. ఒపేరాలో ఒక ప్రధాన పాత్ర మూగ! అతను వేదిక మీదికి వస్తాడు, ఎల్మీరాను ప్రేమిస్తాడు, అంతా సైగలతోనే. చుట్టూ అందరూ పాడుతుంటే అతని చుట్టూ నిశ్శబ్దం ఉంటుంది. యుద్ధంలో ఒక పారశీక సైనికుడు క్రీసస్ మీద కత్తి ఎత్తుతాడు. తండ్రి చనిపోబోతున్నాడని చూసిన ఆ క్షణంలో అటిస్ గొంతు తెరుచుకుంటుంది. ఆపమని అరుస్తాడు. ఆ అరుపు జర్మన్‌లో ఉంటుంది. అక్కడి నుంచి అతనూ పాడతాడు.

మొదటిసారి వినేటప్పుడు పాఠాన్ని ముందు పెట్టుకుని, ఆ చోటు వచ్చేదాకా ఆపకుండా వినమని మీ పాఠకులకు చెప్పండి.